పాలు పడని కడుపు

(గ్రామ గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



చుట్టపుచూపుగా వచ్చిన పెద్దాయనకు ఇంటి ఇల్లాలు కాగిన పాలు లోటాలో పోసి అందించును. ఆయన చేయి అడ్డుపెట్టి, "పాలు నాకు పడవు తల్లీ, మజ్జిగుంటే ఓ చెంబుడు పొయ్యి" అనును. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెలలో ఈ మాట వినని ఇల్లు అరుదు. ఇంటివారు దానిని మొగమాటమని తలంతురు. చదువుకొన్న కుర్రవారు చాదస్తమని నవ్వుదురు. పాలకు అమృతమని పేరు పెట్టిన దేశములో పాలు పడవని చెప్పుకొనుట కొందరికి సిగ్గు కూడ. అయితే ఆ పెద్దాయన పలికిన ఒక్క వాక్యములో రెండు సత్యములున్నవి. పాలు పడకపోవుట ఒకటి. అవే పాలు తోడుపెట్టి చిలికిన తరువాత పడుట రెండవది. ఈ రెంటిని శాస్త్రజ్ఞులు కొలతలతో నిరూపించుటకు 1963 మొదలు ఇరువది యేండ్లకు పైగా పట్టినది. ఆ కృషిలో హైదరాబాదు నగరమునకు కూడ భాగము కలదు.

ఈ విషయమును నలుగురిలో చెప్పవలసిన అవసరము కలదు. "పాలు పడవు" అను మాట నేడు రెండు వైపుల హాని చేయుచున్నది. కడుపులో కొంచెము గుడగుడలాడగానే పాలు, పెరుగు అన్నియు మానివేయువారు ఒక వైపు. పసిబిడ్డకు విరేచనములు పట్టగానే "గుంటడికి పాలు పడ్డం లేదు" అని చనుబాలు మాన్పించు ఇండ్లు ఇంకొక వైపు. మొదటిది దేహమునకు నష్టము. రెండవది ప్రాణమునకే అపాయము.

పాలలో నీరు, వెన్న, మాంసకృత్తులు, సున్నము ఉండునని బడిపిల్లలకు కూడ తెలియును. వీటితోపాటు ఒక చక్కెర కూడ కలదు. చెరకులో ఉండు చక్కెర వేరు, ఇది వేరు. దీనిని లాక్టోజు అందురు. తెలుగున పాలచక్కెర అనవచ్చును. ఆవుపాలలో గాని గేదెపాలలో గాని నూటికి ఇంచుమించు 5 పాళ్ళు, తల్లిపాలలో 7 పాళ్ళు పాలచక్కెర యుండును. మేకపాలలో కొద్దిగ తక్కువయే గాని, అది ఎన్నదగిన తేడా కాదు. పాలను ఎంత మరగించినను ఈ చక్కెర పోదు. నీళ్ళు కలిపిన పలుచనగును గాని పోసిన పాలలోని చక్కెర అంతయు ఆ లోటాలోనే యుండును. పొట్లములో వచ్చు పాలైనను, నెలల తరబడి నిలువయుండు డబ్బా పాలైనను ఇంతే.

పాలచక్కెర రెండు చిన్న చక్కెరల జంట. గ్లూకోజు ఒకటి, గాలక్టోజు ఇంకొకటి. జంటగా ఉన్నంతకాలము పేగు దానిని పీల్చుకొనజాలదు. ధాన్యమును దంచి పొట్టు విడదీసినగాని అన్నమునకు పనికిరానట్లే, ఈ జంటను విడదీసినగాని అది రక్తములోనికి చేరదు. విడదీయు పని లాక్టేజు అను జీర్ణకారి ద్రవ్యముది. ఇది చిన్నపేగు లోపలి పొరపైన ఊరును. లాక్టేజు చాలనపుడు పాలచక్కెర జీర్ణము కాకుండ పెద్దపేగునకు జారును. అక్కడ కోట్లకొలది సూక్ష్మజీవులు కాచుకొని యుండును. అవి ఆ చక్కెరను పులియబెట్టి వాయువులను పుట్టించును. జీర్ణము కాని చక్కెర తనతో నీటిని కూడ పేగులోనికి లాగును. కడుపుబ్బరము, గుడగుడ, బొడ్డు చుట్టు నొప్పి, అపానవాయువు, నీళ్ళ విరేచనము, ఇవన్నియు ఆ రెండు కారణముల వలన కలుగునవే. సాధారణముగ పాలు త్రాగిన అరగంట మొదలు రెండు గంటలలోపుననే ఇవి కనబడును.

లాక్టేజు ఎందుకు చాలకపోవును? పుట్టిన బిడ్డకు అది సమృద్ధిగ ఉండును. తల్లిపాలే ఆహారము గనుక ఉండి తీరవలెను. దూడ గడ్డి మేయుట మరగి తల్లి పొదుగు విడిచిన తరువాత దానికి లాక్టేజుతో పని లేదు, క్రమముగ తగ్గిపోవును. కుక్కకును, ఎలుకకును, కోతికిని ఇదే నియమము. మనుష్యులలో కూడ అధిక సంఖ్యాకులకు ఇదే. మన దేశమువంటి చోట్ల ఐదారేండ్ల ప్రాయమునకే లాక్టేజు తగ్గుట మొదలగును. ప్రపంచములోని పెద్దవారిలో ఇంచుమించు మూడింట రెండు వంతుల మందికి పాలచక్కెరను పూర్తిగ అరిగించుకొను శక్తి లేదని నేటి అంచనా. కాబట్టి దీనిని రోగమనుట తగదు. పెద్దయైన తరువాత కూడ పాలను సంపూర్ణముగ అరిగించుకొనగలవారే నియమమునకు మినహాయింపు.

ఈ సంగతి పాశ్చాత్య వైద్యులకు తోచుటకు చాలకాలము పట్టినది. వారి జనములో పాలు పడువారే ఎక్కువ గనుక, అందరును అట్లే ఉందురని నమ్మిరి. 1963లో ఐరోపాలోని వైద్యులు ఆరోగ్యవంతులైన పెద్దవారిలో లాక్టేజు లోపము కలదని మొదటిసారి ప్రకటించిరి. 1966లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున బేలెస్, రోజెన్‌స్వైగ్ అను ఇరువురు వైద్యులు నల్లవారిని, తెల్లవారిని పరీక్షించి, నల్లవారిలో నూటికి ఇంచుమించు 70 మందికి పాలచక్కెర పడదనియు, తెల్లవారిలో అట్టివారు బహు కొద్దిమంది యనియు చూపిరి. అప్పటికిగాని "లోకమంతయు మా వంటిది కాదు" అను ఊహ వారికి కలుగలేదు. ఆ రోజులలోనే పేద దేశముల బడిపిల్లలకు ఓడలకొలది పాలపొడి పంపబడుచుండెను. పంపినవారి మంచి మనస్సును శంకింప పనిలేదు; అయినను త్రాగువారి కడుపును గూర్చి ముందుగ ఎవరును విచారింపలేదు.

మన దేశమున ఆ విచారణ చేసినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు ముఖ్యులు. ఆ సంస్థ చరిత్ర కొంత చెప్పుకొనదగినది. 1918లో నీలగిరి కొండలపై కూనూరులో మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకు ఒక్క గదిలో ప్రారంభించిన పని అది. 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వహించినది. తెలుగువారి తిండి బలమును, లోపములను తూచి చూచిన త్రాసు అదే యనవచ్చును. అచ్చటి పరిశోధకులు వినోదినీ రెడ్డిగారు, జె. పర్షాద్ గారు 1972లో భారతీయులలో లాక్టేజు లోపమును గూర్చి ఒక పరిశోధన పత్రమును అమెరికా పోషణ వైద్య పత్రికలో ప్రకటించిరి. వినోదినీ రెడ్డిగారు తరువాతి కాలమున ఆ సంస్థకు డైరెక్టరుగ కూడ పనిచేసిరి.

1981లో మరియొక పరిశోధన వెలువడినది. ఆరోగ్యవంతులకు పాలచక్కెర త్రాగించి చూడగా, దక్షిణాదివారిలో నూటికి 66.6 మందికి, ఢిల్లీ ప్రాంతమువారిలో నూటికి 27.4 మందికి అది అరుగలేదని తేలినది. 2010లో మరల ఉత్తర దక్షిణములను పోల్చి చూచినపుడు కూడ దక్షిణాదివారి సంఖ్యయే ఎక్కువ. పద్ధతి మారిన కొలది అంకెలు మారును గాని, వాలు మాత్రము మారదు. వాయవ్యమున పాలు పడువారు ఎక్కువ; దక్షిణమునకు, తూర్పునకు వచ్చుకొలది తక్కువ. తూర్పు కనుమల క్రింద, సముద్రపుటొడ్డున ఉన్న ఈ జిల్లాలు ఆ వాలులో ఏ కొసను ఉన్నవో చెప్పనక్కరలేదు.

ఈ భేదమునకు కారణము వంశపారంపర్యము. 2002లో ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞులు, లాక్టేజును ఊరించు జన్యువునకు దగ్గర ఒకే ఒక అక్షరము మారినచో ఆ ఊట జీవితాంతము ఆగదని కనుగొనిరి. భారతీయుల నెత్తురును పరీక్షించి 2012లో ప్రకటించిన పరిశోధనలో, మన దేశమున పాలు పడువారిలో చాలమందికి ఉన్నది ఐరోపావారికి ఉన్న ఆ మార్పే యని తేలినది. పశువుల మందలతో బ్రతికిన జనములలో ఇది హెచ్చు. నీలగిరి కొండలలో గేదెలను దైవసమానముగ చూచుకొను తోడాలు దక్షిణాదివారే యైనను వారిలో ఈ మార్పు అధికముగ కనబడుట ఇందుకు తార్కాణము.

దీనికి మారుగా, మధ్య భారతపు కొండజాతులలో పలువురు ఆవును దున్నుటకు, పెంటకు పెంచుదురు గాని పితుకుట ఎరుగరని జాతిశాస్త్రజ్ఞులు చాలకాలము క్రిందటనే వ్రాసిరి. పాలు దూడ సొత్తని వారి మాట. మైదానము నుండి కొండలకు పోయినవారు దీనిని అజ్ఞానముగ జమకట్టిరి. వాడుక ముందు వచ్చినదో, కడుపు తీరు ముందు వచ్చినదో ఎవరు చెప్పగలరు? ఏజెన్సీ ప్రాంతములో పాలు పంచు ఉద్యోగి, పిల్లవాడు గ్లాసు ప్రక్కకు నెట్టినపుడు గద్దించుటకు ముందు ఈ సంగతి జ్ఞాపకము చేసికొనుట మంచిది. కొంచెముతో మొదలుపెట్టి అలవాటు చేయుట ఒక పద్ధతి. గ్లాసెడు ఒక్కమారు పట్టించుట వేరొక పద్ధతి.

ఇక పరీక్షల సంగతి. లాక్టేజు ఉన్నదో లేదో తెలిసికొనుటకు తొలుత పేగులోనికి గొట్టము దింపి లోపలి పొర ముక్కను తీసి చూచెడివారు. అది నేరుగ చూచుటయే గాని రోగికి కష్టము. ప్రతివానికి చేయదగినది కాదు. అందుచేత రక్తపరీక్ష వాడుకలోనికి వచ్చినది. రాత్రియంతయు ఏమియు తినక, ఉదయమున 50 గ్రాముల పాలచక్కెరను నీటిలో కలిపి త్రాగవలెను. తరువాత రెండు గంటలలో కొన్నిసార్లు రక్తము తీసి గ్లూకోజును కొలుతురు. చక్కెర జంట విడిపోయినచో రక్తములో గ్లూకోజు పెరుగును. డెసిలీటరుకు 20 మిల్లీగ్రాములైనను పెరుగనిచో జంట విడిపోలేదని అర్థము. గ్లూకోజు కొలుచు సాధనమున్న ఏ ఆసుపత్రిలోనైనను ఇది చేయవచ్చును. మధుమేహము ఉన్నవారిలో మాత్రము ఈ లెక్క తప్పును.

మూడవది ఊపిరి పరీక్ష. ఇది బహు చమత్కారమైనది. మనుష్యుని దేహములోని ఏ కణమును హైడ్రోజను వాయువును పుట్టింపదు. ఊపిరిలో హైడ్రోజను కనబడినదనిన, అది పేగులోని సూక్ష్మజీవులు చక్కెరను పులియబెట్టగా పుట్టి, రక్తములో కలిసి, ఊపిరితిత్తుల ద్వారా బయటికి వచ్చినదే. 1969లో మైకేల్ లెవిట్ అను అమెరికా వైద్యుడు దీనిని కొలిచి చూపెను. 1970ల నడుమ నుండి లాక్టేజు లోపమును కనుగొనుటకు వైద్యులు దీనిని ఉపయోగించుచున్నారు. పాలచక్కెర త్రాగించి, రెండు మూడు గంటలపాటు అప్పుడప్పుడు ఒక సంచిలోనికి ఊదింతురు. హైడ్రోజను పదిలక్ష పాళ్ళలో 20 పాళ్ళు మించి పెరిగినచో చక్కెర అరుగలేదని నిర్ణయింతురు. సూదితో పని లేదు, నొప్పి లేదు. పెద్ద పట్టణముల జీర్ణకోశ వైద్యులవద్ద ఈ యంత్రములు కలవు.

అయితే ఇందులో చిక్కులు లేకపోలేదు. ముందటి రాత్రి పప్పులు, చిక్కుళ్ళు తినినచో వాటి వలననే హైడ్రోజను పుట్టి లెక్క తారుమారగును. ఆ రాత్రి తినదగినది వరి అన్నమే. మిగిలిన గింజలకన్న వరిపిండి పేగులో పూర్తిగ అరిగిపోవుననియు, దాని వలన హైడ్రోజను దాదాపు పుట్టదనియు లెవిట్ బృందమువారే 1987లో నిరూపించిరి. అన్నము తినువారికి ఇంతకన్న సులభమైన పథ్యమేమి కావలెను! పరీక్ష ఉదయమున చుట్ట, బీడి కాల్చరాదు. పొగలోనే హైడ్రోజను కలదు. అంతకుముందు కొన్ని వారముల లోపల సూక్ష్మజీవులను చంపు మందులు వాడినచో ఆ సంగతి వైద్యునకు చెప్పవలెను. కొందరి పేగులలోని జీవులు హైడ్రోజనును పుట్టింపక మీథేను వాయువును పుట్టించును. అట్టివారికి చక్కెర అరుగకున్నను పరీక్షలో ఏమియు తేలదు.

నాలుగవదైన జన్యుపరీక్షకు ఒక్క చుక్క నెత్తురు చాలును. కాని పాలు పడని జన్యువు గల బిడ్డకు రెండవ యేట లాక్టేజు చక్కగనే ఉండవచ్చును. కనుక అది పిల్లవాని భవిష్యత్తును చెప్పును గాని నేటి కడుపునొప్పికి కారణము చెప్పదు.

ఇంతవరకు విన్నవారికి ఒక అనుమానము రావలెను. 50 గ్రాముల పాలచక్కెర అనగా ఎంత? ఒక లీటరు పాలలో ఉండునంత. పరగడుపున లీటరు పాలు ఒక్కమారు త్రాగువాడు ఈ సభలో ఎవడున్నాడు? పరీక్షలో చక్కెర అరుగలేదని తేలుట వేరు, ఇంట త్రాగు పాలు పడకపోవుట వేరు. ఈ రెంటికి గల తేడాను వైద్యులే కొంతకాలము మరచిరి. 1995లో అమెరికాలో ఒక పరిశోధన జరిగినది. పాలు చుక్క కూడ మాకు పడవని గట్టిగ చెప్పిన 30 మందిని చేర్చుకొనిరి. ఒక వారము మామూలు పాలు, ఒక వారము పాలచక్కెరను ముందే విడగొట్టిన పాలు, రోజునకు 240 మిల్లీలీటర్ల చొప్పున భోజనముతో ఇచ్చిరి. ఏ వారము ఏవి త్రాగుచున్నారో త్రాగువారికి తెలియదు, ఇచ్చువారికి తెలియదు. రెండు వారములలోను బాధ స్వల్పమే. రెంటికి చెప్పుకొనదగిన భేదము లేదు. ఇంతకన్న విచిత్రము, ఆ 30 మందిలో 9 మందికి పరీక్షలో పాలచక్కెర చక్కగ అరిగినది! వారి బాధ అబద్ధమని దీని అర్థము కాదు. బాధ నిజమే, నేరము మాత్రము పాలది కాదు.

2010లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ పిలిచిన నిపుణుల సభ కూడ ఇదే తేల్చినది. లాక్టేజు లోపము గలవారిలో చాలమందికి 12 గ్రాముల పాలచక్కెర, అనగా గ్లాసెడు పాలు, ఒకేసారి త్రాగినను బాధ ఉండదు, ఉన్నను స్వల్పమే. టీలో పోసిన పాలు 50 మిల్లీలీటర్లయినచో అందులో రెండున్నర గ్రాములే. "టీ పడుతుంది, పాలు పడవు" అను మాట ఊళ్ళలో వినబడును. వినుటకు వింతగ తోచును గాని లెక్కకు సరిపోవును.

కావున వైద్యము కొలతలోనున్నది. పాలు ఒక్కమారు గ్లాసెడు త్రాగుటకు బదులు రెండు మూడు మార్లుగ పంచుకొనుట, పరగడుపున గాక అన్నముతోనో పలహారముతోనో పుచ్చుకొనుట, ఈ రెంటితోనే చాలమంది బాధ తీరును. భోజనముతో పాటు పోయిన పాలు చిన్నపేగులో మెల్లగ కదలును. ఉన్న కొద్ది లాక్టేజునకు పని చేయుటకు వ్యవధి దొరకును. ప్రతిదినము కొద్దికొద్దిగ త్రాగువారికి పెద్దపేగులోని సూక్ష్మజీవులు కూడ ఆ చక్కెరకు అలవాటుపడి వాయువును తక్కువగ పుట్టించునని 1996లో పరీక్షించి చూచిరి. ఆరు మాసములు మాని, పండుగనాడు పరమాన్నము గిన్నెడు తిని, పాలు పడలేదనుట న్యాయము కాదు.

పెరుగు విషయము చూడుడు. తోడు వేసిన పాలలోని జీవులు పాలచక్కెరలో కొంత భాగమును తామే తిని ఆమ్లముగ మార్చును, పులుపు దానిదే. అయినను పెరుగులో ఇంకను చాల చక్కెర మిగిలియుండును. అట్లయిన పెరుగు ఎట్లు పడును? 1984లో కోలార్స్, లెవిట్ మున్నగువారు దీనికి సమాధానము కనుగొనిరి. పెరుగులోని జీవులవద్ద పాలచక్కెరను విడగొట్టు ద్రవ్యము కలదు. అది వాటితో కూడ చిన్నపేగునకు చేరి, అక్కడ మనకు లేని లాక్టేజునకు బదులుగ పని చేయును. పెరుగు తన్ను తానే అరిగించుకొను ఆహారమని వారు అనిరి. పెరుగును మరిగించినచో ఆ జీవులు చచ్చును, ఆ మేలు తగ్గును. అందుచేత మజ్జిగ పులుసునకు ఈ గుణమును పచ్చి మజ్జిగకున్నంతగ అంటగట్టరాదు. గ్రహణిరోగమునకు చరకసంహిత మజ్జిగను మందుగ చెప్పినది. అందులో లాక్టేజు పేరు లేదు. చెప్పినవారు కడుపును గమనించి చెప్పిరి.

నేతిలో పాలచక్కెర దాదాపు లేదు. జున్నుపాలలో మామూలు పాలకన్న తక్కువ. పాలకోవా మాత్రము జాగ్రత్తగ తినవలెను. పాలను ఇగిర్చినపుడు నీరు పోవునే గాని చక్కెర పోదు. గ్లాసెడు పాల భారమంతయు నాలుగు ముద్దలలో ఇమిడియుండును. పాలు అరిగించు లాక్టేజు మాత్రలు, చుక్కల మందు, పాలచక్కెర విడగొట్టిన పాలు పట్టణములలో దొరకును. పల్లెవానికి వీటి అవసరము అరుదు. తోడు చెంబు ఉన్న ఇంటికి అవి ఖర్చు.

పసిబిడ్డల మాటకు వత్తము. ఇక్కడ తొందరపాటు తగదు. పుట్టుకతోనే లాక్టేజు లేని బిడ్డలు లోకమున అత్యంత అరుదు. నెలల బిడ్డకు విరేచనములు పట్టినచో కారణము సాధారణముగ పేగులకు సోకిన అంటు. ఆ అంటు చిన్నపేగు లోపలి పొరను గీరివేయును. దానితో లాక్టేజు కొన్నాళ్ళు తగ్గును. విరేచనములు పులిసిన వాసన కొట్టును, పిరుదులు ఎర్రగ కమిలిపోవును. మలమును పరీక్షించిన ఆమ్లగుణము, అరుగని చక్కెర కనబడును. ఈ లోపము తాత్కాలికము; పొర మరల పెరిగి, రోజులలోనో కొద్ది వారములలోనో తీరిపోవును. అంతదనుక చనుబాలు మాన్పరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉపదేశము కూడ ఇదియే: చనుబాలు ఇచ్చుచునే యుండవలెను, పోయిన నీటికి, ఉప్పునకు బదులుగ ఓఆర్‌ఎస్ ద్రావకమును త్రాగింపవలెను, జింకు మందు వేయవలెను. బిడ్డను చంపునది పాలు కాదు, దేహములోని నీరు ఇంకిపోవుట. కళ్ళు గుంటలు పడినను, బిడ్డ సోలిపోయినను, మూత్రము తగ్గినను ఆసుపత్రికి తక్షణము చేర్పవలెను. విరేచనములు 14 దినములు మించి సాగినపుడు పాలచక్కెర తగ్గించిన ఆహారము ఇయ్యవలసి రావచ్చును. ఆ నిర్ణయము వైద్యునిది. అమ్మమ్మది కాదు, మందుల దుకాణమువానిది అంతకన్న కాదు.

ఇంకొక సంగతి. పాలలోని మాంసకృత్తు సరిపడక దద్దురులు, వాంతులు, మలములో నెత్తురు కనబడు పిల్లలు కొందరు కలరు. అది వేరు వ్యాధి. దానికి కొలత వైద్యము పనికిరాదు.

పెద్దవారిలో కూడ "పాలు పడవు" అను పేరు క్రింద వేరు రోగము దాగియుండవచ్చును. జిగట విరేచనములు, పేగు క్షయ, పేగులోని పరాన్నజీవులు, గోధుమ పడని వ్యాధి, ఇవి పేగు పొరను చెరచినపుడు పాలు కూడ పడవు. అప్పుడు పాలు మానిన బాధ కొంత తగ్గును, అసలు రోగము ముదురును. సంగ్రహణి అను ఉష్ణదేశపు పేగు వ్యాధి అట్టిదే. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్ది దినముల తేడాతో ఆ వ్యాధికే బలియైరి. ఆ దుఃఖమును మరువని సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో 1945లో ఫోలిక్ ఆమ్లము తయారుచేయబడి, ఆ వ్యాధికి కూడ మందైనది. బరువు తగ్గుట, జ్వరము, నెత్తురు పడుట, రాత్రి నిద్రలో లేపు విరేచనములు, నలుబది ఏబది యేండ్ల తరువాత క్రొత్తగ మొదలైన కడుపుబాధ, వీటిలో ఏది యున్నను పాలపై నింద వేసి ఊరకుండరాదు.

వైద్యునివద్దకు పోయినపుడు చల్లకు వచ్చి ముంత దాచిన పని చేయువారు అనేకులు. కడుపునొప్పి యని మాత్రము చెప్పి, అపానవాయువు సంగతి, విరేచనముల సంగతి సిగ్గుచే దాతురు. ఒక కాగితముపై రెండు వారములు వ్రాసికొని పోవుట మేలు: ఏ పూట ఎన్ని పాలు, దేనితో, ఎంతసేపటికి ఏ బాధ. తరువాత రెండు వారములు పాలు, పెరుగు, కోవా మాని చూడవలెను. బాధ తగ్గినచో పావుగ్లాసుతో మరల మొదలిడి, కొద్దికొద్దిగ పెంచుచు, ఎచ్చట బాధ పుట్టునో అచ్చట ఆగవలెను. అది ఆ మనిషి కొలత. బాధ తగ్గనిచో పాలు నిర్దోషి. ఆ కాగితముతో వైద్యునివద్దకు మరల పోవలెను.

నిజముగ గుక్కెడు పాలు కూడ పడనివారు కొద్దిమంది కలరు. వారికి సున్నపు ధాతువు లోపింపకుండ చూడవలెను. గర్భిణులకు, బాలెంతలకు, ఎదుగు పిల్లలకు ఇది ముఖ్యము. 100 మిల్లీలీటర్ల ఆవుపాలలో ఇంచుమించు 120 మిల్లీగ్రాముల సున్నమున్నది. 100 గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కలదు. ధాన్యములలో దీనికి సాటి లేదు. పాలలోని సున్నము దేహమునకు సులభముగ పట్టును, చోళ్ళలోనిది అంత సులభముగ పట్టదు. మొలకెత్తించి పిండి పట్టించినను, అంబలి పులియబెట్టినను మేలు. ఒకప్పుడు ఈ జిల్లాలలో తెల్లవారగనే చోడంబలి త్రాగి పొలమునకు పోయినవారు పాలు లేకుండగనే ఎముకపుష్టితో బ్రతికిరి. తెల్ల బియ్యము వచ్చి చోళ్ళను మూలకు నెట్టినది. నువ్వులు, మునగాకు, తోటకూర, ముండ్లతో నమలి తిను ఎండు మెత్తళ్ళు కూడ సున్నమునకు మంచివే. అంబలిలో మజ్జిగ కలుపుకొను అలవాటుకు పేరు పెట్టవలసిన పనిలేదు. పాలు పడని కడుపునకు రెండు మేళ్ళు ఒక ముంతలో అందును.

కొన్ని మందు మాత్రలలో పాలచక్కెరను పూరకముగ కలుపుదురని విని, రక్తపుపోటు మాత్రలు, క్షయ మాత్రలు మానివేసినవారు కూడ ఉందురు. ఒక మాత్రలో ఉండునది గ్రాములో కొద్ది భాగము మాత్రమే. టీలోని పాలకన్న ఎన్నో రెట్లు తక్కువ. దానికి భయపడి మందు మానరాదు. అనుమానమున్నచో మాత్రల పట్టీని వైద్యునకు చూపి అడుగవచ్చును.